తెల్లగా మెరిస్తే ఆరిపోయే లైట్‌సేబర్: శబ్దం, కరెంటు లోపాల కేస్ స్టడీ

"సౌండ్ బోర్డు పోయిందన్నా. కొత్తది వేసినా అదే తంతు."

ఇంట్లో తయారు చేసిన ఒక లైట్‌సేబర్, అంటే స్టార్ వార్స్ సినిమాల్లోలాంటి వెలుగు కత్తి, ఈ మాటతో నా దగ్గరికి వచ్చింది. కొత్త బోర్డు వేసినా అదే తంతు అంటే పాత బోర్డు బాగానే ఉందన్నమాట. కానీ లోపం చెవికి వినబడుతోంది కాబట్టి తప్పు శబ్దానిదేనని తయారు చేసిన కుర్రాడు తేల్చేసుకున్నాడు. ఇలాంటి కత్తుల్లో శబ్దం మీద వచ్చే ఫిర్యాదుల్ని నేను ముందు ఓల్టేజీ ఫిర్యాదులుగానే చూస్తాను. ఒకే గొట్టంలో, ఒకే సెల్ మీద, వందల ఎల్‌ఈడీలూ ఒక చిన్న ఆంప్లిఫయరూ కలిసి బతుకుతున్నప్పుడు ముందు దెబ్బ తగిలేది ఆంప్లిఫయర్‌కే.

లోపల ఉన్న సరంజామా ఇది. ఒక 18650 లిథియం అయాన్ సెల్, స్ప్రింగు హోల్డర్‌లో. దాని వెనక ఛార్జింగు, రక్షణ కలిసి ఉండే టీపీ4056 మాడ్యూల్. ఆ తర్వాత పిడి మీద నొక్కే చిన్న స్విచ్చి. అక్కణ్ణుంచి సెల్ ఓల్టేజీని పెంచి ఇచ్చే ఎంటీ3608 బూస్ట్ కన్వర్టర్, దాని ఔట్‌పుట్ 5 వోల్టులకు తిప్పి ఉంది. ఆ 5 వోల్టుల మీదే అన్నీ: అన్నిటినీ నడిపే మైక్రోకంట్రోలర్ బోర్డు ఆర్డుయినో నానో, సౌండ్ బోర్డు డీఎఫ్‌ప్లేయర్ మినీ, కదలిక పసిగట్టే ఎంపీయూ6050, బ్లేడు. బ్లేడులో మీటరుకి 144 పిక్సెళ్లు (విడిగా రంగు మార్చగల ఎల్‌ఈడీలు) ఉండే డబ్ల్యూఎస్2812బి స్ట్రిప్పులు రెండు, ఒక్కోటి 80 సెంటీమీటర్లు, వీపుకి వీపు అంటించి ఉన్నాయి. ఒక్కో దాంట్లో 115 పిక్సెళ్లు, మొత్తం 230. రెండింటికీ డేటా తీగ ఒకటే.

చేతిపని నీటుగానే ఉంది. టంకాలు మెరుస్తున్నాయి, తీగలకి స్లీవులు ఉన్నాయి. అయినా నీలం రంగులో వెలిగిస్తే కొన్నిసార్లు బ్లేడు సగం దాటేసరికి మొత్తం ఆరిపోతుంది. కొన్నిసార్లు బ్లేడు వెలుగుతూనే శబ్దం మాత్రం ఆగిపోతుంది. దెబ్బ తగిలినప్పుడు తెల్లగా మెరిసే ఎఫెక్ట్‌కైతే దాదాపు ప్రతిసారీ ఆరిపోవడమే. వెలిగినంతసేపూ స్పీకర్లో సన్నని ఈల. మామూలు గుంయ్ శబ్దం కూడా మధ్యమధ్యలో తెగుతుంది. ఇవన్నీ చాలవన్నట్టు రాత్రి ఆర్పేసి పడుకుంటే పొద్దుటికి సెల్ ఖాళీ.

ఏది ముందు చస్తోంది?

మీటరు తియ్యకముందే ఒక పని చెయ్యొచ్చు: ఆరిపోయేటప్పుడు ఏది ఎలా ఆగుతోందో చూడాలి. డీఎఫ్‌ప్లేయర్‌కి కనీసం 3.2 వోల్టులు కావాలి. నానోలోని ఏటీమెగా328పి చిప్‌లో బ్రౌన్ అవుట్ హద్దు, అంటే ఓల్టేజీ చాలక చిప్ తనను తాను రీసెట్ చేసుకునే హద్దు, మామూలుగా 2.7 వోల్టుల దగ్గర ఉంటుంది. టీపీ4056 మాడ్యూల్ మీదుండే డీడబ్ల్యూ01 రక్షణ చిప్ ఓల్టేజీ పడిపోవడాన్నే కాక కరెంటు పెరగడాన్ని కూడా చూస్తుంది. కరెంటు దారిని తెరిచి మూసే ఎలక్ట్రానిక్ స్విచ్చిలైన జత మాస్‌ఫెట్ల మీద 150 మిల్లీవోల్టులు పడితే దారి మూసేస్తుంది. ఆ జత నిరోధం 50 మిల్లీఓమ్‌ల చుట్టూ ఉంటుంది కాబట్టి లెక్క 3 ఆంపుల దగ్గర తేలుతుంది.

దీన్నిబట్టి, బ్లేడు వెలుగుతూ శబ్దం ఒక్కటే ఆగితే ఓల్టేజీ 3 చుట్టుపక్కలకు జారిందని అర్థం. అంతా ఆగి, వెంటనే బూట్ శబ్దం మళ్లీ మొదలైతే నానో రీసెట్ అయింది, అంటే 2.7 కిందికి పోయింది. స్విచ్చి ఆపి మళ్లీ వేస్తేగానీ ప్రాణం రాకపోతే రక్షణ చిప్ తలుపు మూసింది. లోడు తగిలించి ఉన్నంతసేపూ అది మళ్లీ తెరవదు, తగిలించిన లోడే దాన్ని మూసి ఉంచుతుంది. ఈ కత్తిలో మూడూ జరుగుతున్నాయి. అందుకే కుర్రాడికి పొంతన దొరకలేదు. ఒకే కారణానికి మూడు లోతుల్లో మూడు రకాల లక్షణాలు, అంతే.

తెల్ల మెరుపు తర్వాత ఆరిపోయినప్పుడు రక్షణ బోర్డు మీద సెల్ వైపు కొలిస్తే 3.9 వోల్టులు, ఔట్‌పుట్ వైపు సున్నా. తలుపు మూసుకుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

తర్వాత బ్లేడు కనెక్టర్ ఊడదీసి పిడి ఒక్కటే నడిపించాను. ఈల లేదు, శబ్దం ఆగడం లేదు, రీసెట్లు లేవు. ఒక్క లోపం మాత్రం అలాగే ఉంది: గుంయ్ శబ్దం మధ్యలో తెగడం. అది కరెంటుది కాదు, పక్కన పెట్టాను. ఇలా విడదీయకుండా అన్నిటికీ ఒకే మందు వెతకబోతే సగం బాగై సగం మిగిలిపోతుంది, బాగైన సగం దేనివల్ల బాగైందో కూడా తెలీదు.

మీటరుతో దారి పొడుగునా

నాకు ఈ పనిలో ఇష్టమైన భాగం ఇదే. నీలం రంగులో కొన్ని పిక్సెళ్లే వెలిగేలా చిన్న ప్రోగ్రాం వేసి, సెల్ నుంచి లాగే కరెంటు 2 ఆంపుల దగ్గర నిలబెట్టాను. క్లాంప్ మీటరుతో చూశాను. మామూలు మల్టీమీటరుని దారి మధ్యలో పెడితే దాని తీగల నిరోధమే ఇంకో లోపాన్ని తెచ్చిపెడుతుంది. ఆ కరెంటు పారుతుండగా ఒక్కో భాగానికి అటూ ఇటూ ఎన్ని వోల్టులు పడుతున్నాయో కొలుస్తూ పోయాను.

సెల్ కొనల దగ్గర 3.90. హోల్డర్ స్ప్రింగులు రెండూ కలిసి 0.16 తినేశాయి. రక్షణ మాస్‌ఫెట్లు 0.10. పిడి మీది స్విచ్చి ఒక్కటే 0.22; అరచేతిలో ఇమిడే ఈ చిన్న నొక్కుడు స్విచ్చిలు అంత కరెంటుకి చేసినవి కావు. తీగలు 28 గేజివి, పోను రాను దాదాపు 40 సెంటీమీటర్లు. ఆ గేజి రాగితీగ మీటరుకి 0.21 ఓమ్‌ల పైచిలుకు ఉంటుంది కాబట్టి అక్కడ 0.17. అన్నీ కలిపితే 0.65 వోల్టులు దారిలోనే పోయాయి. బూస్ట్ నోటికి చేరింది 3.25.

ఇక్కడే అసలు ముడి ఉంది. మామూలు లోడుకి ఓల్టేజీ తగ్గితే కరెంటూ తగ్గుతుంది. బూస్ట్ కన్వర్టర్ గుణం దీనికి తిరగబడి ఉంటుంది. అది ఔట్‌పుట్ 5 వోల్టుల దగ్గర నిలబెట్టాలని పంతం పట్టి, లోపలికి వచ్చే ఓల్టేజీ తగ్గేకొద్దీ ఎక్కువ కరెంటు లాగుతుంది. ఎక్కువ లాగితే దారిలో ఇంకొంచెం పడుతుంది, పడితే ఇంకా లాగుతుంది. అప్పు తీర్చడానికి అప్పు చేసినట్టు.

నీలంలో ఒక్కో పిక్సెల్ ఇక్కడ 15 మిల్లీఆంపుల చుట్టూ తీసుకుంటోంది. బ్లేడు సగం వెలిగేసరికి 115 పిక్సెళ్లు, 1.7 ఆంపులు, 5 వోల్టుల మీద 8.6 వాట్లు. కన్వర్టర్ సామర్థ్యం 85 శాతం అనుకుని 3.4 వోల్టుల సెల్ వైపు లెక్క కడితే 3 ఆంపులు. రక్షణ చిప్ హద్దు కూడా అదే. బ్లేడు సగం దాటాక ఆరిపోవడం యాదృచ్ఛికం కాదు. కింది నుంచి పైకి పాకే వెలుగు ఏ పిక్సెల్ దగ్గర తెగిందో చూసుకుంటే అదే ఒక ఆమ్మీటరు.

ఇక తెల్ల మెరుపు సంగతి. పూర్తి వెలుగులో తెలుపంటే మూడు రంగులూ కలిసి పిక్సెల్‌కి 60 మిల్లీఆంపుల వరకూ అని చెబుతారు. 230 పిక్సెళ్లకు అది 13.8 ఆంపులు. వాస్తవంలో అంత తీసుకోకపోయినా, 2 ఆంపుల మాడ్యూల్‌గా అమ్మే బూస్ట్ నుంచి ఇంతటి దాన్ని ఆశించడం అన్యాయం.

కెపాసిటర్ వెయ్యమన్నారు

బ్లేడు మొదట్లో అప్పటికే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంది. ఎవరో చెప్పారని ఇంకోటి కలిపాడు, తేడా రాలేదు. ఎందుకు రాదో ఒక్క లైను లెక్కలో తేలిపోతుంది. 1000 మైక్రోఫారడ్‌ల నుంచి 5 ఆంపులు లాగితే 20 మైక్రోసెకన్లలో ఓల్టేజీ 0.1 పడిపోతుంది. తెల్ల మెరుపు నిలిచేది 50 మిల్లీసెకన్లు. అంతసేపు 3 ఆంపులు ఇస్తూ 0.3 వోల్టులకు మించి పడకుండా ఉండాలంటే అర ఫారడ్ కావాలి, అంటే ఈ కెపాసిటర్లు 500. పిడిలో అంత చోటెక్కడిది?

కెపాసిటర్ వృథా అని కాదు. పది మిల్లీఆంపులతో బతికే మైక్రోకంట్రోలర్‌ని కాపాడటానికి అది భేషుగ్గా పనికొస్తుంది, పెట్టే చోటు తెలిస్తే. కరెంటుని ఒకవైపే పోనిచ్చే ఒక షాట్‌కీ డయోడ్ వెనక 1000 మైక్రోఫారడ్ పెడితే, బ్లేడు ఆ ఛార్జిని వెనక్కి లాక్కోలేదు. 10 మిల్లీఆంపుల లోడుకి అర వోల్టు పడటానికి 50 మిల్లీసెకన్లు పడుతుంది. మెరుపు దాటేస్తాం.

మార్చినవి

ముందు బూస్ట్‌ని తీసేశాను. డబ్ల్యూఎస్2812బి డేటాషీటు (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) ప్రకారం 3.5 వోల్టుల నుంచి పనిచేస్తుంది. నిండు సెల్ 4.2 దగ్గర మొదలవుతుంది, కాబట్టి బ్లేడు నేరుగా సెల్ మీద నడవగలదు. వెలుగు కొంచెం తగ్గుతుంది, నీలంలో పిక్సెల్‌కి 12 మిల్లీఆంపులే తీసుకుంటోంది, మొత్తం 2.8 ఆంపులు. చీకటి గదిలో రెండిటినీ పక్కపక్కన పెడితే తప్ప తేడా చెప్పలేం.

బూస్ట్ పోతే నానోకి ఇబ్బంది. 16 మెగాహెర్ట్జ్ మీద ఆ చిప్‌కి డేటాషీటు గీసిన క్షేమ హద్దు 3.78 వోల్టులు. సెల్ సగం ఖాళీ అయ్యేసరికే దాని కిందికి వస్తుంది. దాని బదులు 3.3 వోల్టుల, 8 మెగాహెర్ట్జ్ ఆర్డుయినో ప్రో మినీ వేశాను. ఇందులో ఇంకో లాభం ఉంది. పిక్సెల్ డేటాని ఒకటిగా గుర్తించాలంటే దాని సప్లైలో 0.7 వంతు కావాలి. సప్లై 4.2 అయినా 2.94 చాలు, 3.3 వోల్టుల డేటా సరిపోతుంది. పాత 5 వోల్టుల బ్లేడుకైతే 3.5 కావాల్సి వచ్చేది. డేటా తీగలో 470 ఓమ్‌ల రెసిస్టర్ అలాగే ఉంచాను.

తీగలు ఇంకా లావైన 20 గేజికి మార్చాను. స్ప్రింగు హోల్డర్ బదులు గట్టి ఆకు కాంటాక్టులున్నది వచ్చింది. స్విచ్చి ఇకపై కరెంటు మోయదు, ప్రో మినీకి సంకేతం మాత్రమే ఇస్తుంది. బ్లేడుకి కరెంటు వదిలేది ఏఓ3400 మాస్‌ఫెట్లు, స్ట్రిప్పుకి ఒకటి, గ్రౌండ్ (సెల్ నెగటివ్) వైపు. ఇక్కడ చాలామంది ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ అనే మాస్‌ఫెట్ పెట్టి వేడెక్కిందని వాపోతుంటారు. దాని గేటు (తెరవమనే సంకేతం అందుకునే కాలు) 10 వోల్టులు ఆశిస్తుంది, 3.3తో సగమే తెరుచుకుంటుంది. ఏఓ3400 నిరోధాన్ని తయారీదారులు 2.5 వోల్టుల గేటు మీద కూడా రాసిచ్చారు: 50 మిల్లీఓమ్‌ల చుట్టూనే. గేటు నుంచి గ్రౌండ్‌కి 100 కిలోఓమ్‌ల రెసిస్టర్ తప్పనిసరి, లేకపోతే ప్రో మినీ లేచేలోపు బ్లేడు పిచ్చిగా మెరుస్తుంది.

రక్షణ గురించి ఒక మాట. 3 ఆంపుల హద్దు అడ్డొస్తోందని రక్షణ బోర్డునే తీసి పారేసేవాళ్లు ఉన్నారు. లోహపు గొట్టంలో, ఊపి ఊపి కొట్టుకునే వస్తువులో, రక్షణ లేని లిథియం సెల్ పెట్టడం నేను ఒప్పుకోను. 10 ఆంపులు మోసే ఒక సెల్ రక్షణ బోర్డు వేశాను, సెల్ పాజిటివ్‌కి ఆనుకుని ఒక ఫ్యూజు కూడా. సెల్ కూడా ఎక్కువ కరెంటు ఇవ్వగలిగేదే ఉండాలి; సామ్‌సంగ్ 25ఆర్ లాంటిది, 2500 మిల్లీఆంప్ అవర్లు, ఎడతెగకుండా 20 ఆంపులు ఇవ్వగలదు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల నుంచి ఊడదీసిన సెల్‌లు ఆగి ఉన్నప్పుడు 4.1 చూపించి మురిపిస్తాయి, లోడు పడితే కూలబడతాయి.

చివరిగా, ప్రోగ్రాంలో కరెంటుకి కట్టడి. ఫాస్ట్‌ఎల్‌ఈడీ లైబ్రరీలో వోల్టులు, మిల్లీఆంపులు ఇస్తే దాన్నిబట్టి వెలుగు తగ్గించే సదుపాయం ఉంది. అది కొలవదు, రంగుల్ని బట్టి అంచనా కడుతుంది, మన పనికి అది చాలు. 4 ఆంపులకి కట్టాను. తెలుపు సగానికంటే తక్కువ బలంతో మెరుస్తుంది, కానీ కంటికి సగం అనిపించదు. అంతవరకూ నీలం చూసిన కన్ను తెలుపు చూడగానే ఎలాగూ ఉలిక్కిపడుతుంది.

4 ఆంపులు పారుతుండగా దారి పొడుగునా మళ్లీ కొలిస్తే మొత్తం కలిపి పడేది 0.3 వోల్టుల చిల్లర. ముందు 2 ఆంపులకే 0.65 పోయేది.

ఈల

ఈ భాగానికి విడిగా పరీక్ష పెట్టాను, ఎందుకంటే ఈలకి మందులు రకరకాలు. పిక్సెళ్లు వెలుగు తగ్గించడానికి తమను తాము వేగంగా ఆర్పి వెలిగించుకుంటాయి. డబ్ల్యూఎస్2812బిలో ఆ వేగం సెకనుకి 400 సార్లకు పైనే, అంటే చెవికి బాగా వినబడే మేరలోనే. పైగా ప్రతి పిక్సెల్‌కి సొంత గడియారం, ఒకదానితో ఒకటి కచ్చితంగా కలవవు. అందుకే ఈల నిలకడగా ఉండక అలలా ఊగుతుంది.

బ్లేడుని సగం వెలుగులో నిలిపితే ఈల వస్తుంది. పూర్తి వెలుగులో నిలిపితే ఆర్పి వెలిగించే పని దాదాపు ఉండదు కాబట్టి తగ్గిపోతుంది. ఇక్కడ అచ్చం అలాగే జరిగింది, బ్లేడు కరెంటే ఆంప్లిఫయర్‌లోకి చొరబడుతోందని తేలింది. ఇక తేలాల్సింది, సప్లై తీగలోంచా, గ్రౌండ్ తీగలోంచా అన్నది. సౌండ్ బోర్డుకి విడిగా ఇంకో సెల్ పెట్టి, గ్రౌండ్ మాత్రం ఉన్నచోటే ఉంచి నడిపాను. ఈల బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. మిగిలినది గ్రౌండ్‌ది. చూస్తే సౌండ్ బోర్డు గ్రౌండ్‌ని బ్లేడు గ్రౌండ్ తీగ మధ్యలో టంకం వేసి కలిపాడు. ఆ తీగలో ఆంపులు ఊగుతుంటే సౌండ్ బోర్డు తన సున్నా అనుకునేది కూడా ఊగుతుంది.

సౌండ్ బోర్డుకి పాజిటివ్, గ్రౌండ్ రెండూ విడి తీగలతో రక్షణ బోర్డు ఔట్‌పుట్ దాకా తీసుకెళ్లాను, మధ్యలో ఎవరితోనూ పంచుకోకుండా. డీఎఫ్‌ప్లేయర్‌కి సంకేతం వెళ్లే తీగలో 1 కిలోఓమ్ రెసిస్టర్ వేశాను, అది లేకపోతే కరకర వినబడటం ఈ బోర్డుకి అలవాటే. స్పీకర్‌ని చెవికి ఆనించుకుంటే ఇప్పుడు మామూలు సన్నని హిస్ తప్ప ఏమీ లేదు.

లోహపు పిడి ఉన్నవాళ్లు ఇక్కడే ఇంకోటి చూసుకోవాలి. డీఎఫ్‌ప్లేయర్ స్పీకర్ కొనలు రెండూ ఆంప్లిఫయర్ నడిపేవే, ఏదీ గ్రౌండ్ కాదు. ఒకటి గొట్టానికి తగిలి, గొట్టం గ్రౌండ్‌కి తగిలితే బోర్డు వేడెక్కి శబ్దం చీలుతుంది. ఈ కత్తిలో అది లేదు.

ఆర్పినా తాగే బ్లేడు

పొద్దుటికి సెల్ ఖాళీ అవడానికి కారణం ఇంకా తేలిక. నల్లగా ఉన్న పిక్సెల్ కూడా లోపలి చిప్ కోసం ఒక మిల్లీఆంపుకి కాస్త తక్కువ తాగుతూనే ఉంటుంది. 230 పిక్సెళ్లకి ఇక్కడ కొలిస్తే 170 మిల్లీఆంపులు వచ్చింది. కుర్రాడు ఆర్పడమంటే బటన్‌తో రంగు నలుపు చెయ్యడమే అనుకున్నాడు, అసలు స్విచ్చి కట్టేవాడు కాదు. 2500 మిల్లీఆంప్ అవర్ల సెల్ నిండుగా ఉన్నా 15 గంటలు దాటదు.

మాస్‌ఫెట్లు వచ్చాక ఇది తీరాలి. తీరలేదు, బ్లేడు మొదట్లో కొన్ని పిక్సెళ్లు మసకగా వెలుగుతూ ఉండిపోయాయి. గ్రౌండ్ కోసేస్తే, పిక్సెల్ కరెంటు వెళ్లడానికి ఇంకో దారి వెతుక్కుంటుంది: డేటా కాలు లోపలి రక్షణ డయోడ్ గుండా, సున్నా దగ్గర కూర్చున్న ప్రో మినీ పిన్‌లోకి. బ్లేడు ఆర్పేముందు డేటా పిన్‌ని ఇన్‌పుట్‌గా మార్చే ఒక్క లైను కోడ్ చేర్చాక ఆ మసక పోయింది. వెలిగించేటప్పుడు వరస తిరగెయ్యాలి: ముందు మాస్‌ఫెట్, తర్వాత డేటా.

పక్కన పెట్టిన శబ్దలోపం

గుంయ్ శబ్దం తెగేది సరిగ్గా ఫైలు నిడివికొకసారి. ఎంపీ3 ఎన్‌కోడర్ ఫైలు మొదట్లోనూ చివర్లోనూ కొంచెం నిశ్శబ్దం కలుపుతుంది, పైగా ఈ బోర్డు ఫైలు తిరిగి మొదలుపెట్టడానికి తనవంతు ఆలస్యం చేస్తుంది. ఎంపీ3 బదులు వేవ్ ఫైలుగా మార్చి, అదే గుంయ్‌ని అతుకు తెలియకుండా పదేపదే అంటించి పది నిమిషాల ఫైలు చేశాం. పది నిమిషాలు ఆపకుండా కత్తి ఊపేవాడు ఎవడూ లేడు. ఊపినప్పుడు ఒక్కోసారి తప్పు శబ్దం రావడం కూడా కార్డుదే. ఈ బోర్డు మామూలుగా ఫైళ్లను పేరు చూసి కాక, కార్డులోకి ఎక్కిన వరసలో లెక్కపెట్టుకుంటుంది. కార్డుని ఫార్మాట్ చేసి, ఫైళ్లను ఒక్కొక్కటిగా వరసలో ఎక్కించాడు.

శబ్దం పలచగా ఉందని వాల్యూం 30కి, అంటే చిట్టచివరికి, పెట్టి ఉంచాడు. స్పీకర్ వెనక గాలి మూసే డబ్బా లేదు, ముందు అల, వెనక అల ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. వెనకవైపు మూసేసే చిన్న గిన్నెలాంటిది అమర్చాక వాల్యూం 22 దగ్గరే ముందుకంటే గట్టిగా, గుండ్రంగా పలుకుతోంది. కరెంటూ తగ్గింది.

ఇప్పుడున్న స్థితి

నిండు సెల్‌తో నీలంలో గంటకి కాస్త తక్కువ నడుస్తోంది. వరసగా తెల్ల మెరుపులు కొట్టించినా రీసెట్ లేదు, శబ్దం ఆగడం లేదు. సెల్ ఓల్టేజీని 300, 100 కిలోఓమ్‌ల రెసిస్టర్లతో నాలుగో వంతు చేసి ప్రో మినీకి చూపిస్తున్నాం; చిప్ లోపలి 1.1 వోల్టుల కొలబద్దతో అది సరిపోల్చుకుంటుంది. ఆ కొలబద్ద చిప్‌కీ చిప్‌కీ పది శాతం దాకా తేడా ఉండొచ్చు కాబట్టి మీటరు పెట్టి ఒకసారి సరిచేసి కోడ్‌లో రాశాం. 3.4 దగ్గర హెచ్చరిక శబ్దం, 3.2 దగ్గర బ్లేడు ఆర్పేయడం.

ఒకటి మిగిలింది. సెల్ అడుగంటుతున్నప్పుడు తెల్ల మెరుపు బ్లేడు కొన దగ్గర పసుపుగా కనిపిస్తుంది. స్ట్రిప్పు రాగిపట్టీ పలచన, కొనకి చేరేసరికి ఓల్టేజీ పడుతుంది. ఎరుపు ఎల్‌ఈడీకి 2 వోల్టులు చాలు, నీలానికి 3 దాటాలి, కాబట్టి ముందు తగ్గేది నీలమే. కొనకి ఇంకో జత తీగలు లాగితే పోతుంది. కానీ గొట్టంలో ఆ తీగల నీడ ఒక గీతలా కనబడుతుంది. గీత వద్దు, పసుపే నయం అన్నాడు కుర్రాడు. అలాగే వదిలేశాం.